బాలింత గాలి అన్నారు: పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా 34 రోజులు

కాన్పయిన మూడో రాత్రికే చెల్లికి నిద్ర పట్టడం మానేసింది. పిల్ల ఏడ్చి లేపడం వల్ల కాదు. పిల్ల పడుకున్నాక కూడా కళ్లు తెరుచుకునే ఉండేది. ఈ రెండింటికీ ఉన్న తేడా మాకు తెలిసేసరికి వారం గడిచింది. బాలింత ఉన్న ఇంట్లో ఎవరికి మాత్రం నిద్ర ఉంటుంది అనుకున్నాం. కాన్పు తర్వాత మనసుకి వచ్చే ఒక జబ్బు గురించి ఇది. రాయమన్నది చెల్లే. పేర్లు వద్దంది, తేదీలు మాత్రం సరిగ్గా వేయమంది.

2024 నవంబరు 6, బుధవారం, మామూలు కాన్పు, ఆడపిల్ల. 8వ తేదీ సాయంత్రం ఇంటికి పంపేశారు. తొలి కాన్పు కాబట్టి ఒడిశాలోని పర్లాకిమిడిలో పుట్టింట్లోనే. చెల్లి భర్తకి, అంటే మా మరిదికి, సూరత్‌లో మగ్గాల మీద పని. అత్తవారిది బరంపురం, వాళ్లూ తెలుగువాళ్లే. పురిటి గది తలుపు మూత, చెవుల్లో దూది, పొద్దునా సాయంత్రం సాంబ్రాణి పొగ, నీళ్లు రోజుకి రెండు గ్లాసులు. "పచ్చి ఒళ్లు, నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుంది" అని మామ్మ ఖచ్చితం. ఆ రెండు గ్లాసుల సంగతి గుర్తుంచుకోండి, ఆసుపత్రిలో మళ్లీ వస్తుంది.

9వ తేదీ రాత్రి రెండింటికి పిల్ల బట్టలన్నీ తీసి మడతపెడుతూ, లెక్కపెడుతూ కూర్చుంది. 10న మాట వేగం పెరిగింది. ఒకటి మొదలుపెట్టి ఇంకోదానిలోకి దూకేది. 11 పొద్దున "పాలల్లో ఏదో కలిపారు" అని గ్లాసు తోసేసింది. మధ్యాహ్నానికి, "ఇది నా పిల్ల కాదు, ఆసుపత్రిలో మార్చేశారు" అంది. ఆ సాయంత్రం రెండు గంటలపాటు ఏమీ జరగనట్టు అన్నం తిని, పిల్లకి పాలిచ్చి, మాతో నవ్వుతూ మాట్లాడింది. ఈ జబ్బు ఇలాగే వస్తూ పోతూ ఉంటుందని తర్వాత డాక్టరు చెప్పారు. బాగున్న ఆ రెండు గంటలే మమ్మల్ని ముంచాయి. "చూడు, బాగానే ఉందిగా" అని ప్రతిసారీ ఒక పూట వాయిదా వేశాం.

ఇంట్లో దానికి ఒక్కొక్కరూ ఒక్కో పేరు పెట్టారు. మామ్మ బాలింత గాలి అంది. చెల్లి అత్తగారు ఫోన్లో దిష్టి అన్నారు. నాన్న నీరసం అన్నారు. పక్కింటి ఒడియా ఆవిడ "భూతొ లాగిచి", అంటే దయ్యం పట్టిందని, చెవిలో చెప్పి వెళ్లింది. పేరుని బట్టే దారి. దిష్టి అంటే ఉప్పూ మిరపకాయలూ, ఒక పూటలో అయిపోయింది. నీరసం అంటే వీధి చివర ఆర్ఎంపీ చేత ఒక గ్లూకోజు సీసా, 400 రూపాయలు, ఒక రోజు. గాలి అంటే మంత్రాలు వేసే గుణియా, దానికి పట్టింది నాలుగు రోజులు. పిచ్చి అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. చిన్న చెల్లికి అప్పుడే సంబంధాలు చూస్తున్నారు. ఆ మాట ఒకసారి వీధిలో పడితే ముగ్గురు అక్కచెల్లెళ్లకీ అంటుకుంటుందని అందరికీ తెలుసు, అందుకే ఎవరూ పైకి అనలేదు.

12న గుణియా వచ్చాడు. దక్షిణ 1,100, సామాను 650. తాయెత్తు కట్టి, నల్లకోడి కావాలన్నాడు. ఒడియావాళ్ల కార్తీకం పౌర్ణమితో ముగుస్తుంది, దాని చివరి అయిదు రోజులు, పంచుక నడుస్తోంది. ఒడియా ఇళ్లలో నీచు ముట్టరు, కొంగ కూడా చేప తినదంటారు ఆ రోజుల్లో. మా ఇంట్లోనూ కార్తీకం పాటిస్తాం. కోడి పౌర్ణమి వెళ్లాక అనుకున్నారు. పౌర్ణమి 15న. అలా ఒక నల్లకోడి కోసం చెల్లి నిద్ర లేకుండా ఇంకో మూడు రాత్రులు గడిపింది. ఆయన్ని తిట్టుకుని లాభం లేదు. పిలిస్తే వచ్చాడు, అందరూ వినేలా "ఈ పిల్ల తప్పేం లేదు" అన్నాడు. ఆ ముక్క అప్పటిదాకా మాలో ఎవరం అనలేదు.

14న ఊళ్లో ఒక ప్రైవేటు క్లినిక్. డాక్టరుకి తెలుగు రాదు, చెల్లి ఆ స్థితిలో ఒడియా మాట్లాడలేదు. చిన్నప్పటి నుంచీ రెండూ వచ్చినా, ఒంట్లో బాగోనప్పుడు నోటికి వచ్చేది ఇంటి భాషే. "గుండెల్లో మంటగా ఉంది, లోపల ఎవరో తిరుగుతున్నారు" అంది. కాంపౌండరు మొదటి సగాన్ని "ఛాతి పొడాజళా" అని ఒడియాలో చెప్పాడు. అంటే అన్నం అరక్క వచ్చే మంట. రెండో సగం వదిలేశాడు. గ్యాసుకి బిళ్లలు, ఒక టానిక్కు రాసిచ్చారు. మంట, దడ, పోటు, లాగడం: మనం మనసు బాధని ఒంటి మాటల్లోనే చెప్తాం. వాటిని ఇంకో భాషలోకి మాటకి మాట మారిస్తే కడుపు జబ్బో గుండె జబ్బో అయి కూర్చుంటుంది. అందుకే డాక్టరు దగ్గర ముందు చెప్పాల్సింది ఒంటి బాధ కాదు. "కాన్పయి ఇన్ని రోజులు, ఇన్ని రాత్రులుగా నిద్ర లేదు, లేనివి కనిపిస్తున్నాయంటోంది, పిల్ల తనది కాదంటోంది" అని చెప్పాలి. ఈ నాలుగు ముక్కలూ ఏ భాషలో చెప్పినా చెడవు.

15 పౌర్ణమి సెలవు, ఓపీలు మూత. ఆ రాత్రి చెల్లి పిల్లని ఎత్తుకుని పెరటి నూతి వైపు నడిచింది. "కడిగితే అసలు పిల్ల బయటికొస్తుంది" అంది. పిన్ని వెనకాలే ఉంది కాబట్టి సరిపోయింది. పదకొండున్నరకి 14416కి ఫోన్ చేశాం. అది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ ఫోన్ సేవ, 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్ కాదు. ముందు భాష అడుగుతుంది. తెలుగు ఎంచుకున్నాం. ఫోన్లో మాట్లాడినావిడ అడిగినవి: జ్వరం ఉందా, ఫిట్స్ వచ్చాయా, తలనొప్పి విపరీతంగా ఉందా, నీళ్లు తాగుతోందా, తనకిగానీ పిల్లకిగానీ హాని చేసే మాటలు అంటోందా. చివరిదానికి అమ్మ "అబ్బే" అనబోతే పిన్ని ఫోన్ లాక్కుని నూతి సంగతి చెప్పింది. "తెల్లారేదాకా తల్లిని, పిల్లని ఒంటరిగా ఒక గదిలో ఉంచకండి. పొద్దున ఓపీకి కాదు, నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి" అంది. ఫోన్ మొత్తం పద్దెనిమిది నిమిషాలు. తొమ్మిది రోజుల్లో మాకు పనికొచ్చిన మొదటి మాట అదే.

16 శనివారం అయిదింటికి కారు, 4,500. కాన్పు కాగితాలు, పిల్ల టీకా కార్డు, ఆధార్‌లు, వాడిన బిళ్లల అట్టలన్నీ, మందు అయిపోయిన గ్యాసు అట్టతో సహా, సంచిలో వేసుకున్నాం. నీళ్ల సీసా తీసుకోవడం మరిచిపోయాం. తొమ్మిదింటికి బరంపురంలో ఒక పెద్దాసుపత్రి. క్యాజువాలిటీలో ముందు చూసేది మనసు డాక్టరు కాదు. జ్వరం, బీపీ, కాన్పు తర్వాత ఇన్ఫెక్షను చూసి, ఆ తర్వాతే సైకియాట్రీకి కబురు పెడతారు. మాకు రెండు గంటల పదిహేను నిమిషాలు పట్టింది.

వచ్చిన డాక్టరమ్మది కటక్ వైపు, తెలుగు కొంచెం వచ్చు. ఆవిడ మొదట చెల్లిని ఏమీ అడగలేదు. అమ్మని అడిగింది: "మీ ఇంట్లో దీన్ని ఏమంటారు? ఎందుకు వచ్చిందనుకుంటున్నారు? ఇప్పుడే ఎందుకు వచ్చింది? ఏమవుతుందని మీ భయం?" ఎవరూ అడగని ప్రశ్నలు. అమ్మ అప్పటిదాకా "కొంచెం నిద్ర తక్కువండి, మంచి పిల్లండి" అని తప్పించుకుంటోంది. గాలి అన్న మాట తనే అనేసరికి గట్టు తెగినట్టు అన్నీ చెప్పింది: తాయెత్తు, కోడి, నూతి, మూసిన తలుపు, రెండు గ్లాసుల నీళ్లు. డాక్టరమ్మ రాసుకుంటున్న పెన్ను నీళ్ల దగ్గర ఆగింది.

ఆ ప్రశ్నలు ఆవిడ సొంతం కాదు. జబ్బుని రోగి ఇంటివాళ్లు ఎలా అర్థం చేసుకున్నారో అడగమని ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికా సైకియాట్రిస్టు అలాంటి ప్రశ్నలు తయారుచేశాడు. మానసిక జబ్బుల్ని గుర్తుపట్టడానికి అమెరికా సైకియాట్రిస్టులు వాడే పుస్తకం డీఎస్ఎం-5, 2013లో వచ్చింది, అందులో ఈ పనికే 16 ప్రశ్నల ముఖాముఖి ఒకటి ఉంది. మాకు మాత్రం వాటివల్ల వెంటనే జరిగింది వేరు: సెలైను, సోడియం పరీక్ష, తల సీటీ. కాన్పు తర్వాత రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువ. ఒంట్లో నీరు తగ్గితే మెదడులోని సిరల్లో గడ్డ ఏర్పడొచ్చు. అప్పుడూ తలనొప్పి, ఫిట్స్, మతి చలించడం కనిపిస్తాయి. అది కాదని తేలేదాకా ఇది మానసిక జబ్బే అని తీర్మానించరు. వీటితోపాటు హిమోగ్లోబిన్, షుగరు, థైరాయిడ్, మూత్రం. కొన్ని పరీక్షలు బయట చేయించాల్సి వచ్చింది, 2,300. హిమోగ్లోబిన్ 8.4, మిగతావన్నీ మామూలే. థైరాయిడ్ రిపోర్టు రెండు రోజుల తర్వాత వచ్చింది.

సీటీ దగ్గర నలభై నిమిషాలు ఆగిపోయాం. మెడలో రాగి తాయెత్తు. తల స్కానుకి మెడ మీద లోహం ఉండకూడదు. తీస్తే గాలి మళ్లీ పడుతుందని అమ్మ. టెక్నీషియను విసుక్కోకుండా "మీ చేతిలో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడండి, అయిదు నిమిషాలే" అన్నాడు. అలాగే జరిగింది.

జబ్బు పేరు పోస్ట్‌పార్టమ్ సైకోసిస్. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటికి వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. కాన్పు తర్వాత చాలామందికి రెండు మూడు రోజులు ఊరికే ఏడుపు వస్తుంది, అది వేరు, తనే పోతుంది. ఇది మాత్రం ఆ రోజే ఆసుపత్రిలో చేర్చాల్సిన జబ్బు. మేం పదకొండో రోజుకి చేరాం.

చేర్చుకునే కాగితం దగ్గర రెండు కుటుంబాలకీ గొడవ. చెల్లి తనంతట తను ఒప్పుకునే స్థితిలో లేదు కాబట్టి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని సెక్షన్ 89 కింద చేరిక, ఒక విడతకి 30 రోజులు మించకూడదు. రోగి ముందే ఎవరినీ ప్రతినిధిగా రాసి ఉండకపోతే బంధువు సంతకం చేయొచ్చు. ఆ బంధువు ఎవరు? మామగారు "మా కోడలు, మేం పెడతాం" అన్నారు. నాన్న "కాన్పు మా ఇంట్లో" అన్నారు. భర్త సూరత్‌లో. చట్టానికి అత్తింటివాళ్లయినా పుట్టింటివాళ్లయినా ఒకటే. చివరికి అమ్మ పెట్టింది, ఎందుకంటే రాత్రుళ్లు వార్డులో ఉండేది అమ్మే. స్త్రీని ఇలా చేర్చుకుంటే ఇలాంటి చేరికల్ని పరిశీలించే రివ్యూ బోర్డుకి మూడు రోజుల్లో ఆసుపత్రి తెలియజేయాలి. అది వాళ్ల పని, మనం తిరగక్కర్లేదు.

పిల్ల విషయంలో చట్టం ఏమంటుందో అప్పుడు మాకు తెలియదు, మీరు తెలుసుకుని వెళ్లండి. మూడేళ్లలోపు బిడ్డని తల్లి నుంచి మామూలుగా వేరు చేయకూడదని అదే చట్టం సెక్షన్ 21 అంటుంది. బిడ్డకి ప్రమాదం ఉంటే వేరు చేయొచ్చు, కానీ ఆ నిర్ణయాన్ని 15 రోజులకోసారి మళ్లీ చూడాలి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో తల్లీబిడ్డల్ని కలిపి ఉంచే ప్రత్యేక వార్డు 2009 నుంచి ఉంది. మా దగ్గర అలాంటిది లేదు. మొదటి అయిదు రోజులు పిల్లని పిన్ని లాడ్జిలో ఉంచి, రోజుకి మూడుసార్లు తెచ్చేది. ఎత్తుకోవడం మా కళ్లెదుటే. పాలు పిండి తీయడానికి చేతి పంపు, 600. అది ముందే కొనాలి. మేం రెండో రోజుకి కొన్నాం, అప్పటికే రొమ్ములు రాయిలా గట్టిపడి జ్వరం వచ్చింది. ఆ జ్వరం చూసి మళ్లీ ఇన్ఫెక్షను పరీక్షలు.

మందుల్లో ఎవరూ చెప్పని సంగతి ఒకటి. మొదటి రెండు రోజులు హాలోపెరిడాల్, ప్రోమెథజైన్ కలిపి ఇంజెక్షన్లు, తర్వాత హాలోపెరిడాల్ బిళ్ల. 18 సాయంత్రం చెల్లి మెడ ఒక పక్కకి మెలితిరిగిపోయింది, కళ్లు పైకి నిలిచిపోయాయి, నాలుక బిగుసుకుని మాట ముద్దయింది. వార్డంతా లేచి వచ్చింది. పక్క మంచం ముసలమ్మ పసుపు తెచ్చింది. "వదల్లేదు, మళ్లీ వచ్చింది" అని అమ్మ కూలబడింది. నిజంగా చూడ్డానికి పూనకంలాగే ఉంటుంది. అది డిస్టోనియా, ఈ మందుల తొలి రోజుల్లో కొందరికి కండరాలు ఇలా పట్టేస్తాయి. నర్సు మళ్లీ ప్రోమెథజైన్ ఇంజెక్షను ఇచ్చింది. అరగంటలో మెడ నిటారుగా వచ్చింది. ఇదే ఇంట్లో జరిగి ఉంటే మందు అక్కడితో ఆగిపోయేది, కోడి తెగేది. మందు మొదలుపెట్టే రోజే డాక్టరుని అడగండి: "ఒళ్లు వంకర తిరిగితే ఏం చేయాలి?" ఆ తర్వాత మందు మార్చారు. ఓలాంజపైన్ 10 మిల్లీగ్రాములు రాత్రి తొమ్మిదింటికి, ఒక వారం మాత్రం లోరాజెపామ్. ఓలాంజపైన్ పాలలోకి కొద్దిగానే వెళ్తుంది, పాలివ్వొచ్చు, పిల్ల మరీ మగతగా ఉంటోందా, పాలు తాగడం తగ్గించిందా చూసుకోండి అన్నారు. అత్తగారు ఒప్పుకోలేదు, "మందు పాలు" అన్నారు. మధ్యేమార్గంగా పగలు తల్లిపాలు, రాత్రి డబ్బా పాలు. నిజానికి అది ఇంకో విధంగా కలిసొచ్చింది, రాత్రి చెల్లి ఏడు గంటలు ఏకబిగిన పడుకోగలిగింది. డబ్బాలు మూడు, ఒక్కోటి 430.

మరిది 19న దిగాడు. మొదటి మాట, "ఎవరికి చెప్పారు?" కామెర్లని చెప్పామన్నాం. ఆ అబద్ధం ఖరీదు తర్వాత తెలిసింది. కామెర్లనగానే చుట్టాలు నేల ఉసిరి పసరు పట్టుకుని ఆసుపత్రికే వచ్చారు. ఉప్పు మానేయాలి, నూనె మానేయాలి అని పత్యం మొదలుపెట్టించారు. రక్తం లేని బాలింతకి ఉత్త చారన్నం! ఒక పూట పసరు తాగించేశారు కూడా. డాక్టరమ్మకి చెబితే తల పట్టుకుంది. అబద్ధం తప్పనిసరైతే తిండికీ మందుకీ అడ్డం రానిది చూసుకోండి. "రక్తం తక్కువ, ఎక్కించాలి" అని ఉంటే సరిపోయేది, అది సగం నిజం కూడా.

26న ఇరవై ఒకటో రోజు. మనకి బారసాల, ఒడియావాళ్లకి ఏకోయిశియా, మా ఊళ్లో రెండు పేర్లూ నడుస్తాయి. తల్లి లేకుండా ఎలా అని అటు, ఆపితే నలుగురూ అడుగుతారని ఇటు. ఆపేశాం. అప్పటికి చెల్లికి పిల్ల తనదేనని తెలుస్తోంది, నూతి సంగతి కూడా గుర్తొస్తోంది. అదే అన్నిటికన్నా కష్టమైన వారం. పిచ్చి తగ్గాక సిగ్గు వచ్చింది. రోజూ ఏడ్చేది. ఇది మళ్లీ జబ్బు కాదా అని అడిగితే, "నిద్ర, తిండి బాగున్నాయా, పిల్లని ఎత్తుకుంటోందా, చావు మాటలు ఉన్నాయా అన్నవి చూడండి, ఏడవనివ్వండి" అన్నారు.

డిసెంబరు 9, సోమవారం డిశ్చార్జి. కాగితం మీద జబ్బు కోడ్ ఎఫ్53.1, పక్కనే సైకోసిస్ అని. మామగారు నరాల బలహీనత అని రాయించమన్నారు. డాక్టరమ్మ రాయలేదు, మంచిపనే చేసింది. రేపు ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరుకి చూపించాల్సింది ఈ కాగితమే. అత్తవారి వైపు పెద్దమనిషి ఒకాయన "కోర్టులో ఈ కాగితం చాలు" అని ఒక మాట విసిరాడు. చాలదు. మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన మతిస్థిమితం లేని మనిషి అయిపోదు, అది కోర్టు తేల్చాల్సిన విషయమని అదే చట్టం సెక్షన్ 3 చెప్తుంది. మరిది ఆ పేజీ ఫోన్లో తీసి ఆయనకి చదివి వినిపించాడు. ఆ తర్వాత ఆయన రాలేదు.

ఇంటికొచ్చాక పని చేసింది మందొక్కటే కాదు. రాత్రి తొమ్మిది నుంచి నాలుగు దాకా పిల్ల పిన్ని దగ్గర, నాలుగు నుంచి అమ్మ దగ్గర. పక్షానికోసారి ఎవరు ఎప్పుడన్నది కాగితం మీద రాసి గోడకి అంటించాం. పుట్టింటి పురుడు అన్న ఏర్పాటు లేకపోతే ఇద్దరు మనుషుల్ని మూడు నెలలు ఎక్కణ్ణుంచి తెస్తాం? మామ్మ నీళ్ల విషయంలో దిగిరాలేదు. చివరికి వాము నీళ్లు అంటే ఒప్పుకుంది, రోజుకి రెండున్నర లీటర్లు వాము నీళ్లే. పాతపట్నం నీలమణి దుర్గమ్మకి అమ్మ మొక్కు ఉంది. వెళ్లండి, ఉపవాసమని బిళ్ల మాత్రం ఆపొద్దు అన్నారు డాక్టరమ్మ. జనవరిలో తీర్చుకున్నాం. చెల్లి అందరికీ "అమ్మవారు బయటపడేసింది" అనే చెప్తుంది. బిళ్ల కూడా వేసుకుంటుంది. ఆ రెండింటికీ తన దగ్గర ఏ గొడవా లేదు.

ఓలాంజపైన్‌తో ఆకలి విపరీతం. రెండు నెలల్లో నాలుగు కిలోలు పెరిగింది, షుగరు పరీక్ష మూడో నెలలో చేయించాం. "బాలింత ఒళ్లు చేసింది" అని ఊళ్లో మెచ్చుకున్నారు! 2025 మార్చిలో 5 మిల్లీగ్రాములకి తగ్గించారు. బాగుందని మనంతట మనం ఆపితే తిరగబెడుతుంది. మళ్లీ కాన్పు అనుకుంటే నెల తప్పక ముందే రమ్మన్నారు. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం చాలా ఎక్కువ.

ఖర్చు: గుణియా 1,750, గ్లూకోజు 400, కార్లు రానూపోనూ 9,000, బయటి పరీక్షలు 2,300, పాల డబ్బాలు 1,290, పంపు 600, లాడ్జి ఎనిమిది రాత్రులు 4,000, భోజనాలు, టీలు 6,900. మొత్తం 26,240. మంచం, మందులు ఉచితం. మరిది పోగొట్టుకున్న కూలి ఇందులో లేదు.

మందుల కవరు మీద ఎప్పుడు వేసుకోవాలో ఒడియాలో రాసిస్తారు. అమ్మకి తెలుగే చదవడం వచ్చు. మొదటి నెల కవర్ల మీద "రాత్రి 9" అని నా రాత. మార్చి నుంచి చెల్లి రాసుకుంటోంది.